రంగు పోసి చేసిన పెన్ను: ఎబొనైట్, రెసిన్ వాదాల సమీక్ష

ఫౌంటెన్ పెన్నును ఇష్టపడేవాళ్ల మధ్య కొన్నేళ్లుగా ఒక తగాదా నడుస్తోంది. ద్రవంగా ఉన్న రెసిన్‌లో రంగులు కలిపి, అచ్చులో పోతపోసి, గట్టిపడ్డ కడ్డీని లేత్ మీద తరిమెన పట్టి చేసే పెన్నులు బాగా పెరిగాయి. అడిగినవాళ్లకు అడిగిన రంగు పోసి ఇస్తారు. ఒక పెన్నులో కనిపించే సుడి మరో పెన్నులో కనిపించదు. దీన్ని కొత్త కళ అనేవాళ్లున్నారు. రంగేసిన ప్లాస్టిక్ అని తీసిపారేసేవాళ్లూ ఉన్నారు. పెన్నుకు ఎబొనైట్‌ను మించింది లేదనేవాళ్లు ఉదాహరణగా చెప్పే ఊళ్లలో మన రాజమండ్రి ఒకటి. కాబట్టి ఇది ఎక్కడో దూరదేశపు గొడవ కాదు.

వాదం ఇంతగా చిక్కుపడటానికి కారణం, మూడు వేరు వేరు ప్రశ్నలను కలిపి ఒకటిగా అడగడమే. ఏ పదార్థం మేలు? ఎంత మేరకు చేస్తే చేతిపని? చేసేవాళ్ల ఊపిరితిత్తులకు ఏమవుతోంది? మొదటిదానికి దొరికిన జవాబును రెండోదానికి అతికిస్తారు. మూడోది చాలాసార్లు చర్చకే రాదు. విడివిడిగా చూస్తే కొన్ని తేలికగానే తేలతాయి, కొన్ని మాత్రం నిజంగానే తేలవు.

నూరేళ్లుగా రంగు కోసం వెతుకులాట

సహజ రబ్బరులో సుమారు మూడో వంతు గంధకం కలిపి గంటల తరబడి వేడి చేస్తే ఎబొనైట్ తయారవుతుంది. అమెరికాలో నెల్సన్ గుడ్‌ఇయర్ దీనికి 1851లో పేటెంట్ తీసుకున్నాడు. సిరాలోని ఆమ్లం దీన్ని తినదు, లేత్ మీద చక్కగా తెగుతుంది, మరలు శుభ్రంగా పడతాయి. 1884లో వాటర్‌మన్ తన పెన్నుకు పేటెంట్ పొందాక ఫౌంటెన్ పెన్ను వ్యాపారం నిలదొక్కుకున్నది ఈ పదార్థం మీదే. దాని లోటు ఒక్కటే, రంగు. నలుపు, ఎరుపు, ఆ రెండూ కలిసిన చారలు దాటి ఎక్కువ దూరం పోలేకపోయింది.

జనానికి రంగు కావాలని పార్కర్ కంపెనీకి 1921లో తెలిసింది. ఎర్ర ఎబొనైట్‌తో వచ్చిన డ్యూఫోల్డ్ పెన్ను ఖరీదైనా విరగబడి కొన్నారు. 1924లో షేఫర్ సెల్యులాయిడ్ పెన్నులు తెచ్చింది, 1926లో పార్కర్ అదే దారి పట్టింది. పచ్చలు, నీలాలు, ముత్యపు తళుకులు జేబుల్లోకి వచ్చాయి. సెల్యులాయిడ్‌కు నిప్పు తగిలితే భగ్గుమంటుంది, ఆరడానికి నెలలు పడుతుంది, ఏళ్లు గడిచాక కొన్ని రకాలు కుంచించుకుపోయి పొడిపొడి అవుతాయి. అయినా ఎబొనైట్‌ను పక్కకు నెట్టేసింది. బ్రిటన్‌లో పాల నుంచి తీసిన కేసీన్‌తోనూ పెన్నులు చేశారు. కాన్వే స్టూవర్ట్ కంపెనీ వాటికి పేరుపొందింది. కేసీన్ నీళ్లు తాగి ఉబ్బుతుంది. సిరా నింపుకునే వస్తువుకు అంతకంటే పనికిరాని గుణం ఉండదు. ఆ లోపం తెలిసీ రంగు మీది మోజుతో చేశారు, కొన్నారు.

1941లో వచ్చిన పార్కర్ 51తో ఆక్రిలిక్ ప్రవేశించింది. యుద్ధం తరవాత కరిగిన ప్లాస్టిక్‌ను యంత్రంతో అచ్చులోకి కొట్టే పద్ధతి అంతటా వ్యాపించింది. ధర దిగింది, పెన్నులన్నీ ఒకే రంగు, ఒకే రూపు అయ్యాయి. ఇప్పటి చేతిపోత ఆ ఏకరూపత మీద వచ్చిన తిరుగుబాటు. ఈ చరిత్రలో కొనేవాడు రంగునే కోరుకున్నాడు, మన్నికను తరవాతే లెక్కలోకి తీసుకున్నాడు. నేటి రెసిన్ పోతదార్లు పెన్నును పాడుచేశారనేవాళ్లు ఈ నూరేళ్ల కథను ఒకసారి తిరగేయాలి.

మన దేశంలో కథ వేరే దారిన నడిచింది. స్వదేశీ ఉద్యమమూ, తరవాతి దిగుమతి ఆంక్షలూ చిన్న పెన్ను కార్ఖానాలకు చోటిచ్చాయి. ఖరీదైన అచ్చులు పెట్టుకోలేని చోట కడ్డీ, లేత్, చేతి ఒడుపు ఉంటే పని సాగుతుంది. 1932లో కోసూరి వెంకటరత్నం రాజమండ్రిలో నెలకొల్పిన రత్నం పెన్ వర్క్స్ అలా పుట్టిందే. ఆయన పంపిన స్వదేశీ పెన్నును వాడి చూసి గాంధీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. అదే ఊరి గైడర్, హైదరాబాదు డెక్కన్, చెన్నై వైపు రంగా, ఆసా పేర్లు పెన్ను ప్రియులకు చిరపరిచితం. పాశ్చాత్య దేశాలు ఎప్పుడో చాలావరకు వదిలేసిన ఎబొనైట్ ఇక్కడ బతికి ఉండటం వల్లే ఇవాళ విదేశీయులు దీని కోసం మన వైపు చూస్తున్నారు.

అచ్చులో ఏం జరుగుతుంది

రెసిన్, దాన్ని గట్టిపరిచే రెండో ద్రవం విడిగా ఉంటాయి. తూకం వేసి కలపగానే గడియారం మొదలవుతుంది. కొన్ని యురేథేన్ రకాల్లో చేతిలో ఉండే సమయం పది నిమిషాల లోపే. ఆలోగా మిశ్రమాన్ని మూడు నాలుగు గిన్నెల్లోకి పంచాలి, ఒక్కోదానిలో ఒక్కో రంగు కలపాలి, సరైన చిక్కదనం వచ్చేదాకా ఆగి అచ్చులో పోయాలి. అసలు కళంతా ఆ ఆగడంలో ఉంది. పలచగా ఉన్నప్పుడు పోస్తే రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి మురికి రంగు మిగులుతుంది. ఆలస్యమైతే ముద్దలు ముద్దలుగా పడి మధ్యలో ఖాళీలు వస్తాయి. అరిసెల పాకం పట్టేవాళ్లకు ఈ అదను సంగతి చెప్పనక్కర్లేదు. చేయి తిరిగిన పోతదార్లు గడియారాన్ని పక్కనపెట్టి ఉష్ణమాపకం చూస్తారు. మిశ్రమం తనంతట తాను వేడెక్కుతుంది కాబట్టి ఏ డిగ్రీ దగ్గర పోస్తే రంగు ఏ మేరకు విడిగా నిలుస్తుందో అనుభవం మీద పట్టుకుంటారు.

ముత్యపు తళుకు ఎలా వస్తుందన్నది తెలుసుకోదగ్గది. రంగుపొడిలో ఉండేవి టైటానియం డయాక్సైడ్ పూత పూసిన అభ్రకం రేకులు, కంటికి కనపడనంత చిన్నవి. ద్రవం ఏ దిక్కుకు పారితే ఆ దిక్కుకు రేకులు వాలుతాయి. గట్టిపడగానే ఎలా ఉన్నవి అలాగే ఉండిపోతాయి. కడ్డీని వెలుతురులో తిప్పితే ఒక పాయ మెరిసి పక్క పాయ చీకటిగా కనిపించేది అందుకే. తిప్పగానే రెండూ తారుమారవుతాయి. రంగు మారింది అనుకుంటాం కానీ మారింది రేకు వాలిన కోణం.

తరవాత అచ్చును మూతబిగించిన ఇనుప కుండలో పెట్టి 40 నుంచి 60 పీఎస్ఐ ఒత్తిడి దాకా గాలి ఎక్కిస్తారు. బుడగలు బయటికి పోతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి లోపలే నలిగిపోతాయి. 60 పీఎస్ఐ దగ్గర బుడగ పరిమాణం అయిదో వంతుకు దిగుతుంది, కొంత గాలి రెసిన్‌లో కరుగుతుంది. గట్టిపడేదాకా ఆ ఒత్తిడి తగ్గకూడదు. మధ్యలో వదిలితే బుడగలు మళ్లీ ఉబ్బుతాయి, లేత్ మీద పైపొర తీసేకొద్దీ సన్న చిల్లులై బయటపడతాయి.

మూడు రసాయనాలు, మూడు తలనొప్పులు

"రెసిన్ పెన్ను" అని ఒకే మాటతో తేల్చేయడం చర్చలో సగం గందరగోళానికి మూలం. పోతకు వాడేవి ముఖ్యంగా మూడు.

పాలియెస్టర్ అన్నిటికంటే పాతది. అద్దంలా మెరుస్తుంది, రంగు లోతుగా కనిపిస్తుంది, ధర తక్కువ. స్టైరీన్ వాసన గదిని వదలదు. గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో ఏడు శాతం దాకా కుంచించుకుంటుంది. అన్నిటికీ మించి పెళుసు. మర కోసేటప్పుడు అంచు ఎగిరిపోతుంది, చేయిజారి గచ్చు మీద పడితే మూత పెదవి పగులుతుంది.

యురేథేన్ దెబ్బకు ఓర్చుకుంటుంది, లేత్ మీద చీలికలు లేకుండా పొడవైన పోగులుగా తెగుతుంది. కుంచించుకోవడమూ తక్కువే. దీని శత్రువు తేమ. ఐసోసైనేట్ నీటిని తాకగానే కార్బన్ డయాక్సైడ్ పుట్టి కడ్డీ నిండా నురగ వస్తుంది. గోదావరి ఒడ్డున, కోస్తాలో వానాకాలంలో యురేథేన్ పోయాలంటే గాలిలో తేమ తగ్గించిన గది కావాలి, రంగుపొడిని ముందే వేడిచేసి ఆరబెట్టుకోవాలి. పొడి వాతావరణం ఉన్న చోట్ల రాసిన సూచనలు పట్టుకుని ఇక్కడ పోస్తే పోత చెడుతుంది.

ఎపాక్సీ అందరికీ దొరికేది, తీరుబడిగా పోసుకోవచ్చు. కానీ మామూలు రకాలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి. డ్రిల్ వేడికి రంధ్రం గోడలు జిగురెక్కుతాయి. మన మే నెలలో ఎండలో నిలిపిన కారులో మరిచిపోతే పెన్ను వంకరపోయే ప్రమాదం ఉంది. నగలకు, బల్లలకు బాగానే ఉన్న ఈ రెసిన్ పెన్నుకు చివరి ఎంపికగానే ఉండాలని నా అభిప్రాయం.

వీటి పక్కన కర్మాగారంలో తయారైన ఆక్రిలిక్ కడ్డీలున్నాయి. అవి నిలకడగా ఉంటాయి. చేతిపోత కాదు కాబట్టి వాటి రంగులు కొనుక్కున్న అందరికీ ఒకటే.

ఎబొనైట్ పక్షం ఏమంటుంది

వాళ్ల వాదం ప్రధానంగా నాలుగు మాటలు. ఎబొనైట్ చేతికి వెచ్చగా, పట్టుకు హాయిగా ఉంటుంది. ఒంటి వేడిని సిరాకు చేరనివ్వదు, కాబట్టి పెన్ను కక్కదు. మన్నుతుందని నూరేళ్ల సాక్ష్యం ఉంది. సహజ రబ్బరు నుంచి వచ్చింది.

మొదటిది స్పర్శకు సంబంధించింది, దాన్ని కాదనలేం. సాన పట్టి అద్దపు మెరుగు పెట్టకుండా వదిలిన ఎబొనైట్ చెమట చేతిలోనూ జారదు. రెండోది మాత్రం నిలవదు. ఎబొనైట్, ఆక్రిలిక్, పాలియెస్టర్ వేడిని ప్రసరింపజేసే తీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫిల్లర్‌తో నేరుగా బ్యారెల్ నిండా సిరా పోసుకునే పెన్నులో సిరా సగానికి దిగాక, పైన చేరిన గాలి చేతి వేడికి వ్యాకోచించి సిరాను చుక్కగా తోస్తుంది. దాన్ని ఆపేది గోడ మందం. రాజమండ్రి పెన్నులు బొద్దుగా, మందంగా ఉంటాయి. వాటి మంచితనం పేర పదార్థానికి ఇస్తున్న మెప్పులో పెద్ద వాటా ఆ మందానికీ, దాన్ని అలా చెక్కిన పనివాడికీ దక్కాలి.

మూడోది నిజమే, కాకపోతే షరతుంది. ఎబొనైట్ వెలుతురుకూ తడికీ రంగు మారి, నలుపు కాస్తా ముదురు గోధుమ అవుతుంది. పాత వాటర్‌మన్ పెన్నులు చూసినవాళ్లకు ఇది తెలుసు. అయినా అవి ఇప్పటికీ రాస్తున్నాయి. నాలుగోది అర్ధసత్యం. మూడో వంతు గంధకంతో వేడెక్కించిన రబ్బరు మళ్లీ కరగదు, మట్టిలో కలవదు. ఆ విషయంలో రెసిన్‌కూ దానికీ పెద్ద తేడా లేదు.

రెసిన్ పక్షం ఏమంటుంది

రెసిన్ పక్షం మొదట చెప్పేది రంగు. అమెరికాలో మెకెంజీ పెన్‌వర్క్స్ వజ్రపు పొడి కలిపి పోసే 'డైమండ్‌కాస్ట్' కడ్డీలు, కరొలినా పెన్ కంపెనీ 'ప్రైమరీ మానిప్యులేషన్' సుడులు చూస్తే ఈ పనిలో ఎంత దూరం పోవచ్చో తెలుస్తుంది. నెమలి కంఠం రంగో, తన ఊరి చెరువు సాయంత్రపు రంగో కావాలని అడిగి పోయించుకోవడం ఏ ఎబొనైట్ కార్ఖానాలోనూ కుదరదు. ఎబొనైట్ కడ్డీ తయారీకి పెద్ద ఏర్పాటు కావాలి. రెసిన్‌కు ఒక చిన్న గది, తూకం, ఒత్తిడి కుండ చాలు. పదార్థం తయారీ మళ్లీ పెన్ను చేసేవాడి చేతికి వచ్చిందన్నది వీళ్ల గట్టి వాదం, అది ఒప్పుకోవలసిందే.

ఒక చోట మాత్రం వీళ్లు తమను తాము మోసం చేసుకుంటున్నారు. రంగు బాగుంటే పెన్ను బాగున్నట్టే అనుకుంటారు. ఫొటోలో కనిపించేది కడ్డీ. రాసేది పాళీ, దానికి సిరా అందించే ఫీడ్. చేతిపోత పెన్నుల్లో చాలావాటికి పాళీలు జర్మనీలోని యోవో, బాక్ కంపెనీల నుంచే వస్తాయి. ఒకరి పాళీ కోసం మర కోసిన పెన్నులో మరొకరి పాళీ యూనిట్ మామూలుగా పట్టదు. ఫీడ్ దగ్గరికొచ్చేసరికి రెసిన్ పక్షంలోనూ కొందరు ఎబొనైట్ ఫీడే అడిగి వేయించుకుంటారు. ఎబొనైట్‌ను సిరా బాగా తడుపుతుంది, ప్రవాహం తెగదు.

లేత్ దగ్గర తేలే సంగతి

పెన్ను తలరాత రాసేది ఈ దశే, దీని గురించి తక్కువ మాట్లాడతారు. కడ్డీకి రంధ్రం ఒక్క తోపులో తొలవకూడదు. కొంచెం లోపలికి పంపి, డ్రిల్ వెనక్కి తీసి, పొట్టు తుడిచి, చల్లారనిచ్చి మళ్లీ పంపాలి. తొందరపడితే లోపల సన్న బీటలు పడతాయి, అవి వెంటనే కనపడవు. పారదర్శకమైన రెసిన్‌తో మరో పని తగులుతుంది. బ్యారెల్ లోపలి గోడకు కూడా మెరుగు పెట్టాలి. పెట్టకపోతే డ్రిల్ గీతలు రంగు వెనక నుంచి కనపడుతూనే ఉంటాయి, ఆ గీతల్లో సిరా మరక కట్టి కడిగినా పోదు. ఎబొనైట్ అపారదర్శకం కాబట్టి ఈ బెడద లేదు.

మూతకు సాధారణంగా మూడు ఆరంభాల మర కోస్తారు. మూడు పాయలు పక్కపక్కనే మొదలవుతాయి కాబట్టి మూత ఒకటిన్నర తిప్పు లోపే వస్తుంది. పాయల్లో ఒకటి చెడినా మూత వంకరగా కూర్చుంటుంది. చివరన 1500 నుంచి 12000 దాకా సన్నబడే మెరుగు కాగితాలతో తడిపి రుద్దుతారు.

వ్యర్థం లెక్క చూద్దాం. 15 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ తీసుకుని, బయట 13, లోపల 10 మిల్లీమీటర్ల బ్యారెల్ చెక్కితే 69 శాతం పొట్టుగా పోతుంది. అదే 19 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ అయితే 85 శాతం. అంత కష్టపడి పోసిన రంగులో ఆరో వంతు కూడా పెన్నులో మిగలదు. సుడి ఎక్కడుందో ఊహించి కడ్డీని కోయగలగడం ఒక విద్య.

ఎవరు చేసిన పెన్ను?

ఈ ప్రశ్న మీద మూడు వర్గాలున్నాయి. రెడీమేడ్ లోహపు భాగాలు కొని, ఇత్తడి గొట్టం మీద రెసిన్ తొడుగు చెక్కి బిగించేవాళ్లది ఒకటి. పాళీ తప్ప అన్ని భాగాలూ, మరలతో సహా తామే కోసేవాళ్లది రెండోది. కంప్యూటర్ నడిపే లేత్‌తో చేసేవాళ్లది మూడోది. రెండో వర్గం మొదటిదాన్ని కూర్పు పని అంటుంది, మూడోదాన్ని ఫ్యాక్టరీ అంటుంది.

మొదటి వర్గం పనిని పెన్ను తయారీ అనడానికి నాకూ మనసొప్పదు. అది నేర్చుకునేవాళ్లకు మంచి మెట్టు, అంతవరకే. కంప్యూటర్ లేత్ మీద మాత్రం ఈ కోపం తగదు. మర ఖచ్చితంగా పడాలన్నదే పని అయినప్పుడు, పడ్డాక చేత్తో సరిచూసి, పాళీ కూర్చి, రాసి పరీక్షించే మనిషి ఉన్నంతవరకు చేతిపని చచ్చిపోదు. చేతిలేత్ మీద చేసిన ప్రతిదీ మంచిదన్న హామీ కూడా లేదు.

ఇంతకంటే ముఖ్యమైన అన్యాయం పేర్ల దగ్గర జరుగుతోంది. పోసేవాడు ఒకడు, చెక్కేవాడు ఒకడు అయినప్పుడు పెన్ను మీద చెక్కినవాడి పేరే ఉంటుంది. అమెరికాలో కొందరు పోతదారు పేరు కూడా చెప్పి అమ్ముతున్నారు. అదే అందరికీ ఆచారం కావాలి. చేనేత చీరలో రంగు అద్దినవాళ్లు, ఆసు పోసినవాళ్లు ఎన్నడూ పేరుకెక్కలేదు. కొత్తగా పుడుతున్న ఈ పనిలో అదే తప్పు మళ్లీ చేయనక్కర్లేదు.

గాలి, ధూళి

ఇక్కడ రెండు పక్షాల వాదనలూ పక్కనపెట్టాలి. ఐసోసైనేట్ ఆవిరి ఆస్తమా తెప్పిస్తుంది. ఒకసారి శరీరం దానికి ప్రతిస్పందించడం మొదలెడితే తరవాత కొద్దిపాటిగా తగిలినా ప్రమాదమే. వాసన తెలిసేలోపే పరిమితి దాటిపోతుంది కాబట్టి ముక్కును నమ్మకూడదు. స్టైరీన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఎక్కువన్న 2ఏ వర్గంలోకి చేర్చింది. పాలియెస్టర్‌ను గట్టిపరిచే పెరాక్సైడ్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. ఎపాక్సీ గట్టిపరిచే ద్రవం చర్మానికి జీవితకాలపు అలర్జీ అంటించగలదు. ఎబొనైట్ పొడి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఆవిరిని పట్టే ఫిల్టర్ ఉన్న ముసుగు, నైట్రిల్ తొడుగులు, కళ్లద్దాలు, లేత్ దగ్గరే ధూళి లాగే గొట్టం లేకుండా ఈ పని మొదలెట్టకూడదు. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. వంటింట్లో, పిల్లలు పడుకునే గదిలో పోతపోయడం గురించి తేలికగా మాట్లాడేవాళ్లను నమ్మవద్దు. చిన్న ఊళ్ల కుటుంబ కార్ఖానాల్లోకి ఈ రసాయనాలు వస్తే నష్టపోయేది లేత్ ముందు కూర్చునే పనివాడే. రంగుల ముచ్చట కంటే ముందు ఆ ఏర్పాటు జరగాలి.

తేలనివి

రాజమండ్రి వంటి చోట్ల రెసిన్ పోత మొదలుపెట్టాలా అన్నది మొదటిది. పెట్టాలనే నా మొగ్గు, రెండు షరతుల మీద. ఎబొనైట్ పనిని వదలకూడదు, ఎందుకంటే ఇవాళ లోకం ఆ ఊరిని గుర్తుపట్టేది దానితోనే. రెసిన్ పెన్నును ఆ ఊరి కొలతల్లోనే, బొద్దు గోడలతో, ఫిల్లర్‌తో సిరా పోసుకునే పద్ధతిలోనే చెక్కాలి. విదేశీ నమూనాలను సన్నగా అనుకరిస్తే ధరలోనూ పేరులోనూ వాళ్లతో నెగ్గలేం.

రెండోది మరమ్మతు. ఎబొనైట్ మూత పగిలితే దాదాపు అదే కడ్డీతో మరొకటి చెక్కి ఇవ్వొచ్చు. సుడులు తిరిగిన పోత మళ్లీ రాదు. పోతదారు అసలు రంగుల కొలతలు రాసిపెట్టుకున్నా దగ్గరి పోలిక మాత్రమే దొరుకుతుంది. ఖరీదు పెట్టి కొన్నవాడికి ఈ సంగతి ముందే చెప్పడం అమ్మేవాడి బాధ్యత.

మూడోది అన్నిటికంటే పెద్దది, వయసు. యురేథేన్‌లో కొన్ని రకాలు, ఎపాక్సీలో చాలా రకాలు ఎండకు పసుపుబారతాయి. తెల్లని, లేత నీలపు పోతల్లో అది ముందు కనిపిస్తుంది. ముదురు సిరాలు పారదర్శక గోడలోకి ఇంకుతాయి. చేతిపోత పెన్నుల్లో ఎక్కువభాగం ఇంకా ఇరవై ఏళ్లు కూడా నిండనివి కాబట్టి యాభై ఏళ్లకు ఏమవుతాయన్నది సాక్ష్యం లేని ప్రశ్న. దీనికి వాదంతో జవాబు రాదు. ప్రతి పోత నుంచి రెండు ముక్కలు కోసి, తేదీ, రెసిన్ రకం, తూకం, రంగు అంటించి, ఒకదాన్ని చీకటి పెట్టెలో, రెండోదాన్ని దక్షిణపు కిటికీలో పెట్టాలి. ఏడాదికోసారి పక్కపక్కన పెట్టి చూసి ఫలితాన్ని కొన్నవాళ్లకూ తోటి పోతదార్లకూ తెలపాలి. ఖర్చు లేని ఈ పని ఇప్పుడు మొదలుపెడితే పదేళ్లకు రెండు పక్షాల చేతిలోనూ చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.